ఉన్న ఒక్క బంటు

చాల్లే నాయినా, నువ్వు కూడా ఆ ఆట మాటే ఎత్తేటట్టయితే వచ్చిన బస్సుకే తిరిగి ఎక్కు. కృష్ణగిరి నుంచి కెలమంగలం దాకా దుమ్ము మింగుతా వచ్చింది ఇందుకేనా? గెలిచినోడివి. గెలిచినోడు అంగట్లో కూచుని మిషను తొక్కుకోవల్ల గాని, చదరంగం పలక చంకన పెట్టుకొని ఓడినోడి ఇంటికి వస్తాడా యాడన్నా?

సరే, కూచో. ఎండన పడి వచ్చినోణ్ణి వాకిట్లో నిలబెట్టి మాట్లాడితే ఆ ఆంజనేయస్వామి నన్ను మెచ్చడు. అరుగు మీద ఆ పక్కన కూచో, ఈ పక్క పట్టుపురుగుల తట్టలు ఆరేసినాను. ఇదో, మజ్జిగ తాగు. సంకటి ఉండాది, పెట్టేదా? వద్దా? దర్జీవాళ్ళందరూ ఇంతేనేమో ముత్తప్పా, సూదిలో దూరేంత తింటారు.

మా ఆయన లేడు. పురుగులకు మల్బరీ ఆకు కోసుకొచ్చేదానికి తోటకు పోయినాడు. వస్తాడు, యాడికి పోతాడు. ఆయన వచ్చేలోపల నీకు నాలుగు మాటలు చెప్పల్ల నేను. శనివారం భజనలో నేను నోరు తెరిస్తే ఊరంతా వచ్చి కూచుంటాది, తెలుసునా? ఈ పొద్దు నువ్వొక్కడివే దొరికినావు. పోనీలే, వినేవాడు ఒక్కడైనా వినేవాడే.

ఆ కృష్ణగిరి సత్రంలో మీ ఆట ముగిసి మేము బస్సు దిగినప్పటి నుంచి ఈ అరుగు ఖాళీ అయిన పాపాన పోలేదు నాయినా. ఒకడు లేస్తే ఒకడు. లక్ష్మక్క మొగుడు వచ్చినాడు. వాడికి గుర్రమేదో ఏనుగేదో తెలీదు, తెలిసిందల్లా మా ఇంట్లో మజ్జిగ దొరుకుతాదని. ‘ఆ బంటును ఏనుగుతో కొట్టేసి ఉంటే అయిపోయి ఉండును కదా ఆంజప్ప మామా’ అన్నాడు. గుడి పూజారి వచ్చినాడు. ‘దక్షిణం మొగంగా కూచున్నావు ఆంజప్పా, యముడి దిక్కు అది, యాడ గెలుస్తావు’ అన్నాడు. సైకిలు షాపు గుర్రప్ప వచ్చి భుజం మీద చెయ్యేసి మరీ చెప్పినాడు, ‘పల్లె ఆట వేరే, టౌను ఆట వేరే మామా. నీకు రూలు తెలీక పోయింది. దాంట్లో సిగ్గేముండాది’ అని. ఓదార్పంట అది.

వాళ్ళు ఇంకా నయం. సంతలో అనేవాళ్ళు వేరే ఉండారు. ‘ఏనుగు మీద కూచుని చీమకు దారి ఇచ్చినాడే, ఆ మారాజు ఈయనే’ అని వేలు పెట్టి చూపించినారు. నేను ఆయన పక్కన టమాటాలు ఏరుకుంటా ఉన్నాను. ఏరినవన్నీ ఆడనే కుప్పలో వేసేసి వచ్చేసినాను.

ఏమి అంటావు? నువ్వు అట్ల అనలేదా? అనలేదులే. నీ మొగం చూస్తేనే తెలస్తా ఉండాది. ఆ పొద్దు గెలిచినాక కూడా నీ మొగం ఇట్లనే ఉండింది, ఎవురి గుడ్డో తప్పుగా కత్తిరించేసినోడి మాదిరి.

రూలు తెలీక అంటారే, నాకు ఒళ్ళు మండేది ఆడనే. నేను ఉంటిని కదా ముత్తప్పా. ఆడవాళ్ళను కిటికీ పక్కన కూచోబెట్టినారు. ఆట మొదలుపెట్టే ముందర ఆ కళ్ళద్దాల మాస్టరు లేచి తమిళంలో చదివినాడు, తెలుగులో చదివినాడు, బాగలూరు పక్కోళ్ళు ఇద్దరుంటే వాళ్ళకోసరం కన్నడంలోనూ చదివినాడు. బంటు ఆ చివరి వరసకు పోతే మంత్రి అయితాది. ఏ గడిలో చేరినా మంత్రే. రాజు ఒంటిగా మిగిలినా ఆట ఆగదు, కదలకుండా కట్టేదాకా ఆడల్ల. మా ఆయన మూడు భాషలకూ తల ఊపినాడు. తెలీనోడు ఊపుతాడా?

మా పక్క ఆట అట్ల కాదులే. మా మామ నేర్పించిన ఆటలో బంటు ఎవుని గడిలో చేరితే వాడే అయితాది. గుర్రం గడిలో చేరితే గుర్రం, ఏనుగు గడిలో చేరితే ఏనుగు. ఇంకొకటి కూడా ఉండాది. ఎదుటోడి బలమంతా కొట్టేసి రాజును ఒంటిగా నిలబెట్టకూడదు. నిలబెడితే ఆ గెలుపు చెల్లదు. ఒక్క బంటునైనా వాడికి వదల్ల. వదిలిన బంటు ఉండంగానే రాజును కట్టినోడు ఆటగాడు. ‘ఒంటి రాజును తరిమేది వేటరా, ఆట కాదు’ అనేవాడు మా మామ. గొర్రెలు కాసేవాళ్ళం కదా, వేట అంటే ఏందో మాకు తెలుసు.

అందుకే గుర్రప్ప, పాత అలవాటు కొద్దీ వదిలేసినాడు అంటాడు. నేనూ మొదట అట్లనే అనుకున్నాను. అది కాదు నాయినా.

మా కొడుకు హనుమంతప్పను నువ్వు చూసింది లేదు. ఈ కొత్త పైసలు వచ్చిన ఏడు పోయినాడు. మీసం అప్పుడప్పుడే వస్తా ఉండింది. మాకు వాడొక్కడే. ముగ్గురు పుట్టి పోయినాక, కదిరి నరసింహస్వామికి మొక్కుకుంటే నిలిచినోడు. పురుగులకు ఆకు వేసేసి తండ్రీ కొడుకూ ఇద్దరూ ఈ అరుగు మీదనే కూచునేవాళ్ళు, నువ్వు కూచున్న చోట వాడు, ఆ స్తంభం పక్కన ఆయన. వాళ్ళ అరుపులకు కోళ్ళు గూట్లోకి పొయ్యేవి కావు. వాడు గెలిచే ఆట అయితే చూడల్ల. ఆయన బలమంతా ఊడబెరికి, చివర ఒక్క బంటును వదిలి, ‘నాయినా, నీ రాజుకు తోడుగా ఒకణ్ణి ఉంచినాను, ఇద్దరూ కూచుని సంకటి తినండి’ అనేవాడు. ఆయన పలక తిరగేసి వాణ్ణి కొట్టేదానికి లేచేవాడు. నేను లోపల నుంచి ఇద్దరినీ తిట్టేదాన్ని. బతుకంటే అదే కదా ముత్తప్పా. అప్పుడు తెలీదు.

వాడు పోయినాక ఆయన పలకను అటక మీద పడేసినాడు. మాట కూడా దాంతోపాటే పడేసినాడు. ఊ, ఆ, ఉండాది, లేదు. అంతే. పురుగులు ఆకు తినేటప్పుడు వాన పడినట్ల శబ్దం వస్తాది చూడు, మా ఇంట్లో ఏడాదిపాటు వినపడింది అదొక్కటే. నేనా, నోరు మూసుకొని ఉండలేని ముండను. గోడతో మాట్లాడినాను, పిల్లితో మాట్లాడినాను, స్వామితో అయితే పోట్లాడినాను.

అట్లుండంగా కృష్ణగిరిలో పోటీ పెడతారని ఊరోళ్ళు వచ్చి అడిగినారు. ఆయన వద్దన్నాడు. నేనే కాళ్ళూ గడ్డమూ పట్టుకొని పంపించినాను, పంపించి నేనూ వెంట వచ్చినాను. గెలిచేది ఎవురికి కావల్ల నాయినా? కప్పు తెచ్చి ఏమి చేసేది, రాగిపిండి కొలిచేదా? ఆటలో కూచుంటే, ఎవురినన్నా ఓడిస్తే, ఆ వేడిలో నోట్లోంచి ఒక మాటన్నా రాలదా అని నా ఆశ. స్వామికి వడమాల మొక్కుకున్నాను.

నీతో ఆడిన ఆట నాకు ఇప్పటికీ కళ్ళ ముందరనే ఉండాది. ఆడను గాని, ఇరవై ఏండ్లుగా ఈ గుమ్మం దగ్గర కూచుని చూసినదాన్ని. నువ్వు మెడలో కొలిచే టేపు తీయడం మరిచిపోయి వచ్చి కూచున్నావు, మేమందరం కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినాము. ఆడంగా ఆడంగా నీ గుర్రాలు పోయినాయి, మంత్రి పోయినాడు. చివరికి నీకు రాజూ, ఆ అంచు వరసలో ఒక్క బంటూ. ఆయనకు రాజూ, ఏనుగూ. ఏనుగుకు ఎదురుగా అడ్డం లేకుండా నీ బంటు. నేను మనసులో వడలకు పప్పు నానబెట్టేసినాను.

ఆయన చెయ్యి ఏనుగు మీదికి పోయింది. నిలిచింది. బంటును చూసినాడు. తల ఎత్తి నిన్ను చూసినాడు. నువ్వు తల వంచుకొని ఉంటివి, చూడలేదు. నేను చూసినాను. ఆ చూపు ఆటగాడి చూపు కాదు. ఏనుగును పట్టుకొని ఇట్ల పక్కకు జరిపేసినాడు. ‘రాజు పైలం’ అన్నాడు. నువ్వు రాజును తప్పించినావు. మళ్ళా ఏనుగును జరిపినాడు, మళ్ళా పైలం అన్నాడు. ఎందుకూ పనికిరాని ఎత్తులు. నీ బంటు గడి గడీ దిగి, మంత్రి అయి కూచునింది. ఏనుగు పోయింది. ఆయన రాజే ఒంటి రాజై పలకంతా తిరిగినాడు. నువ్వు కట్టేసినావు. చప్పట్లు కొట్టినారు. కిటికీ పక్కన ఒకామె నన్ను అడిగింది, ‘ఆ ఓడిపోయినాయన ఎవురమ్మా, నవ్వుతా ఉండాడు’ అని.

తిరుగు బస్సు ఎక్కినాము. నాకు ఏడుపు, కోపం, రెండూ. రాయకోట దాటినాక, కొండ మీద కోట వెనకపడేటప్పుడు, ఆయనంతట ఆయనే నోరు తెరిచినాడు. ఏడాది తరవాత నాతో అన్న నిండు మాట.

‘ఆయప్పకు ఉన్నది అదొక్కటే కదా సుబ్బక్కా’ అన్నాడు.

నేను కిటికీ పక్కకు తిరిగి కూచున్నాను.

చూసినావా. అదీ నీ బంటు కథ. తెలీక కాదు, భయపడీ కాదు. ఇది నేను గుర్రప్పకు చెప్పేనా? సంతలో నిలబడి చెప్పేనా? ఏనుగు మీద కూచుని చీమకు దారి ఇచ్చినాడనే అనుకోనీ.

కళ్ళు తుడుచుకో. మొగోడివి, దోవన పొయ్యేవాళ్ళు చూస్తారు.

ఇంకా విను. ఆ మరునాడు ఆయన అటక ఎక్కి పలక దించినాడు. దుమ్ము తుడిచినాడు. ఆ పొద్దు నిలిచిన చోటనే కాయలు పెట్టినాడు, నీ రాజు, నీ బంటు, ఆయన రాజు, ఏనుగు. నన్ను పిలిచి కూచోబెట్టి చెప్తాడు: ‘చూడు సుబ్బక్కా, బంటును తీయల్ల, లేదంటే ఓడిపోవల్ల. ఇంకో దారి లేదు.’ లేదు అంటాను నేను. దినమూ ఇదే. సాయంత్రమైతే పలక పెట్టేది, చూసేది, ఇంకో దారి లేదు అనేది. ఆ మాట అనుకుంటానే లేచి, కాళ్ళు కడుక్కొని, సంకటి అడిగి తింటాడు. మొన్న ఇంకొంచెం పులుసు పొయ్యమన్నాడు. వాడి పేరు ఎత్తినాడు నాయినా, హనుమంతుకు ఈ పులుసంటే ఇష్టం కదా అని. నేను గరిటె పట్టుకొని పొయ్యి దగ్గరకు పోయినాను, ఆయన ముందర ఏడవకూడదని.

ఓడిపోయి ఆయన నాకు తిరిగి వచ్చినాడు ముత్తప్పా. గెలిచి ఉంటే వచ్చి ఉండునో లేదో. వడమాల ఎట్లయినా వేసేసినాను, స్వామికి ఏ లెక్కన చెల్లల్లనో ఆ లెక్కన చెల్లనీ అని.

ఏంది, పలక విప్పుతావేమి? ఇప్పుడు ఆడేదానికి నాకు యాడ తీరుతాది?

చూపించల్లనా? ఏమి చూపిస్తావు? అదే కదా, అట్లనే కదా నిలిచింది. రాజు ఈడ, బంటు అంచున. నాకు తెలీదా, దినమూ చూసేదే.

ఏనుగు బంటు జోలికి పోదా? వెనక్కి పోతాదా? అంత వెనక్కా? అయ్యో, బంటు దిగిపోతాది కదప్పా. దిగనీనా? సరే. ఇప్పుడు నీ రాజు ఈ అంచులో ఉండాడు. ఎదురుగా ఆయన రాజు నిలబడినాడు, ఇటు రానీడు. నీ రాజు కిందికి జరిగితే? ఏనుగు ఈ పక్క వరసకు వచ్చి గోడ కట్టేస్తాది. ఊ. పైకి జరిగితే? మూలకు వచ్చి నిలబడుతాది. బంటును జరిపితే? జరిపినా అంతే.

ఏదీ, ఇంకొకసారి చూపించు. మెల్లగా.

కట్టు పడింది.

బంటు ఆడనే ఉండాది. ఎవురూ ముట్టుకోలేదు. మంత్రీ కాలేదు. రాజు మటుకు కట్టుబడినాడు. మా మామ చెప్పిన ఆట ఇదే కదా నాయినా. బంటును ఉంచి కట్టేది. ఆయనకు చిన్నప్పటి నుంచీ వచ్చిన ఆటే. ఆ నిమిషం కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చి కనపడలేదేమో.

ఎంత కాలం కూచున్నావు దీని మీద? గుడ్డలు కుట్టకుండా ఇదే చూస్తా ఉన్నావా? నువ్వు మంచోడివి. ఆంజప్పన్న ఓడిపోవలసిన ఆట కాదు, ఇదో దారి ఉండింది, ఆయనే గెలిచినట్ల లెక్క అని చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావు. గెలిచినోడు ఎవుడు చేస్తాడు ఈ పని. నీ చేతులకు దండం పెడతాను నాయినా.

ఆ పలక మూసేయి.

మూసేయి అంటా ఉండాను కదా. కాయలు మూటలో కట్టేయి. ఆయన కంట పడకూడదు ఇది.

ఎందుకా. నీకు చెప్పకపోతే నువ్వు మంచి మనసుతోనే ఆయనకు చూపించేస్తావు. అందుకే చెప్తాను. ఇది దేవుడికి తప్ప ఎవురికీ చెప్పింది లేదు.

పురుగు పండినప్పుడు ఇల్లు ఎట్లుంటాదో నీకు తెలీదు. నెల దినాలు మేపిన పురుగు పసుపుపచ్చగా మెరస్తాది, తల ఎత్తి అల్లాడతాది. ఆ పొద్దే ఒక్కొక్కటీ ఏరి, గూడు కట్టుకునేదానికి వెదురు చంద్రికెల మీద వెయ్యల్ల. లేదంటే కనపడిన చోట గూడు కట్టి పాడైపోతాది. ఆ దినమే మా వాడికి కడుపునొప్పి వచ్చింది. పొద్దున లేచినప్పటి నుంచీ కుడి పక్క పట్టుకొని వంగిపోతా ఉండాడు. ఒళ్ళు కాలతా ఉండాది. వాము నీళ్ళు ఇచ్చినాను, ఆముదం పట్టించినాను. ఆయన చేతిలో పురుగులు పట్టుకొని వచ్చి వచ్చి చూస్తా ఉండాడు. హోసూరికి బండి కట్టేదా అని అడిగినాడు. వాడే అన్నాడు, ‘పురుగు పోతాది నాయినా, ఎక్కించేయి. రేపు పోదాము’ అని. ఆయన వాడి మాట విన్నాడు. పురుగు ఎక్కించేసి, తెల్లారంగానే బండి కట్టినాడు.

ఆస్పత్రిలో డాక్టరు వాణ్ణి చూసి వచ్చి నన్ను పక్కకు పిలిచినాడు. ఆయన బయట ఎద్దులకు నీళ్ళు చూపిస్తా ఉండాడు. ‘నొప్పి ఎప్పటి నుంచమ్మా’ అని అడిగినాడు డాక్టరు. నిన్న పొద్దుటి నుంచి అన్నాను. ‘నిన్ననే తెచ్చి ఉంటే బెంగుళూరుకు పంపి కోయించి ఉందునమ్మా, బతికి ఉండును. లోపల పగిలిపోయింది’ అన్నాడు. తిట్టి ఉంటే మరిచిపోయి ఉందునేమో. ఆ మహానుభావుడు మెల్లగా చెప్పినాడు.

ఆయన ఎద్దులను కట్టేసి వచ్చినాడు. చేతులకు ఇంకా పురుగుల పచ్చ అంటుకొని ఉండాది. నా మొగం చూసి అంతా తెలుసుకున్నాడు. ఒక్కటే అడిగినాడు. ‘నిన్ననే తెచ్చి ఉంటే?’

తెచ్చినా దారి లేదంట, అన్నాను.

రామనామం పలికే నోరు నాయినా ఇది. ఎట్ల వచ్చిందో తెలీదు ఆ మాట. ఆయన నమ్మినాడో లేదో కూడా తెలీదు. ఏడాది పొడుగునా నన్ను అట్లనే చూసేవాడు, ఇంకొకసారి అడుగుదామా వద్దా అన్నట్ల. అడగలేక మాటే మానేసినాడు. నీతో ఓడి వచ్చినాకనే ఆ చూపు పోయింది. పలక ముందర కూచుని దినమూ ఆయన చూసేది నీ ఆటననుకున్నావా? ఇంకో దారి లేదు అనేది నీ బంటును చూసి అనుకున్నావా?

ఇప్పుడు చెప్పు, ఈ ఎత్తు చూపించేదా ఆయనకు? దారి ఉండింది, నీ ముందరనే ఉండింది, నువ్వు చూడలేదు అని చెప్పేదా?

తల ఊపద్దు. నోరు తెరిచి చెప్పు, చెప్పను అని.

అదో, గట్టు మీద ఆకు మూట కనపడతా ఉండాది. వచ్చేస్తా ఉండాడు. నిన్ను చూసి సంతోషపడతాడు, నాకు తెలుసు. ముత్తప్ప మంచి ఆటగాడు అని అంటా ఉంటాడు. నవ్వు. మొగం అట్ల పెట్టుకోవద్దు, కనిపెట్టేస్తాడు.

కూచోంగానే అడుగుతాడు నిన్ను. పలక దించి, కాయలు పెట్టి, ఏనుగు మీద వేలు పెట్టి, ‘ఇంకో దారి ఉండిందా ముత్తప్పా’ అని తప్పకుండా అడుగుతాడు. నువ్వు గెలిచినోడివి, నీ మాట ఆయనకు నా మాట కంటే గట్టి.

లేదని చెప్పు నాయినా. అబద్ధం పాపమైతే అది కూడా నా తలకే రానీ. ఇన్నాళ్ళూ నేనొకదాన్నే చెప్తా ఉండాను, దారి లేదు, దారి లేదు అని. ఇంకొక నోరు ఉంటే బాగుండును అనిపిస్తాది.